అది శోకం కాదు

నల్లగుట్టపల్లి, గుమ్మడిదల మండలం
శ్రావణం

చంద్రకాంత్‌కు నీ వదిన అరుణమ్మ చెప్పి రాయించేది.

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావని ఊరందరి ఫోన్లలో చూస్తూనే ఉన్నాను కాబట్టి క్షేమసమాచారాలు ఇంతటితో సరి.

నీకు ఫోను చేస్తే ఎవడో ఎత్తి "సార్ మీటింగ్‌లో ఉన్నారమ్మా" అంటాడు. ఉత్తరాన్ని అట్లా మధ్యలో కోసేయలేవు. అందుకే అంగన్‌వాడీ రేఖ టీచర్‌ను కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నా మాటలను ఆమె పుస్తకాల తెలుగులోకి దిద్దుతోంది. దిద్దుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే పెట్టమన్నాను.

సంగారెడ్డి సభలో నువ్వు మాట్లాడింది జైపాల్ నాకు పెట్టి వినిపించాడు. వింటూ నా కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. "కాక ఎట్ల మాట్లాడిండో సూడే అమ్మా! మన భూములు పాయె, మన బోర్ల నీళ్లు పాయె, కొలువులు మాత్రం రైలు దిగినోళ్లకు" అన్నాడు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మన బోరు నీళ్లకు ఇప్పుడు బర్రె కూడా మూతి పెట్టదు. ఆ నీళ్లు పాడుచేసిన మందుల కంపెనీ గేటు ముందు కొలువు కోసం జైపాల్ ఎన్ని పొద్దులు నిలబడి వచ్చాడో నాకు తెలుసు. అంతవరకు నువ్వు మాట్లాడుతుంటే, వీడు నా చేతి ముద్ద తిని పెరిగిన మరిది అని మురిసిపోయాను.

ఆ తర్వాత ఏమన్నావు? "మన పోచమ్మ బోనానికి ఎదురు నిలబడి శోకం పెట్టే మనుషులకు మన ఊళ్లల్లో చోటెందుకు? మన భాష నేర్చుకోరు, మన పండుగ తెలుసుకోరు. అట్లాంటి వాళ్లకు ఇల్లు కిరాయికి ఇచ్చేవాడు ఊరికి ద్రోహి" అన్నావు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

ఆ ద్రోహిని నేను. శోకం పెట్టిందని నువ్వు చెప్పిన మనిషి మామిని. ఒరిస్సా పిల్ల. మన వెనక గదిలో ఉంటుంది. ఆమె మొగుడు మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లిస్తాడు. పేరు దుర్యోధన్. ఆ పేరు విన్న రోజు ఊరు ఊరంతా నవ్వింది. సర్పంచ్ శ్రీశైలం ఆగి మరీ, "ఇంక నయం అవ్వా, శకునికి గూడ ఓ అర్ర ఇయ్యకపోతివి" అన్నాడు. వాళ్ల దిక్కున ఆ పేరు ముద్దుగా పెట్టుకుంటారట. పెట్టుకుంటే మనకేం పోయింది?

ఇప్పుడు అసలు సంగతి విను. మొన్న ఎండాకాలం మన బర్రె ఈనింది. దూడ లేచి నిలబడగానే ఈ పిల్ల కొట్టం దగ్గరికి వచ్చి, నాలుక ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా ఒక కూత పెట్టింది. చీపురు ఎత్తుకున్నాను. "ఓ పిల్లా, నా బర్రె సక్కగ ఈనితే శోకమెందుకు పెడ్తున్నవే? ఎవలు సచ్చిండ్రని?" అన్నాను. ఆమె బెదరలేదు, నవ్వింది. "నై అవ్వా, మంచిది. మంచి సౌండ్. షాదీ అయితే, బేబీ అయితే, దేవి వస్తే మేము చేస్తం" అంది. మనం హారతి పట్టి గంట కొట్టినట్టన్న మాట. అంతే సంగతి.

బోనాల నాడు కోడలు రవళి బోనం ఎత్తుకొని గడప దాటగానే మామిని అదే కూత పెట్టింది. మన దేవతకు, మన ఇంటి బోనానికి. నేను కడుపునిండా విన్నాను. వాడకట్టు వాళ్లు మాత్రం నిలబడిపోయారు. ఎవడో ఫోనులో పట్టి, "బోనానికి ఎదురు శోకం" అని రాసి వదిలాడు. అది తిరిగి తిరిగి నీ దాకా వచ్చింది.

నేను అడిగేది ఒక్కటే. అది శోకం కాదని, మంగళమని, ఏ నోటితో అన్నావో ఆ నోటితోనే చెప్పు. బయటి వాళ్లకు గదులు ఇయ్యొద్దని ఊళ్లో తీర్మానం చేస్తారట. ఆ పిల్ల కడుపుతో ఉంది. నీ మాట మీద ఆమె రోడ్డున పడితే ఆ పాపం నీకే కాదు, నిన్ను సాకిన నాకూ తగులుతుంది.

నీ వదిన
అరుణమ్మ


న్యూఢిల్లీ
శ్రావణం

వదినకు,

చంద్రకాంత్ నమస్కరించి రాసేది. రేఖ టీచర్ చేతిరాత వెనక నీ గొంతు స్పష్టంగా వినిపించింది. ఇక్కడ నన్ను పొగిడేవాళ్లు ఉన్నారు, తిట్టేవాళ్లూ ఉన్నారు. హక్కుతో తిట్టే మనిషివి నువ్వొక్కదానివే. ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

వదినా, నేను ఆ అమ్మాయి పేరు చెప్పలేదు. ఒక మనిషి గురించి మాట్లాడలేదు. కాంట్రాక్టర్లు వేల మంది బయటి కూలీలను ఎందుకు తెస్తున్నారో ఆలోచించు. వాళ్లకు భాష రాదు కనుక గేటు దగ్గర గొంతెత్తరు. గొంతెత్తరు కనుక మన జైపాల్ లాంటి వాళ్లు అక్కర్లేదు. రేపు వాళ్లు తెలుగు నేర్చుకుని మనతో కలిస్తే మొదట బాగుపడేది వాళ్లే. నా మాటలో ఇంత అర్థం ఉంది. జనం వినేది ఒక్క ముక్కే.

నేనూ ఇక్కడ బయటివాడినే. గది అడిగినప్పుడు ఇంటి ఓనరమ్మ నన్ను ఏం తింటావు, ఏం మాట్లాడతావు అని అడిగింది. హిందీ దిద్దుకున్నాను. చారు పోపు పెడితే కిటికీ మూసి పెట్టుకుంటాను. వచ్చినవాడు ఉన్నవాళ్ల మర్యాద నేర్చుకోవాలి. ఇందులో ద్వేషం ఏముంది? ఆమె పెట్టిన హుళహుళిని మన జనం శోకం అనుకుంటే, తప్పంతా వినేవాళ్ల మీదనే వేస్తామా? కొత్త చోట గొంతు విప్పే ముందు అక్కడ దానికి ఏం అర్థమో తెలుసుకోవద్దా?

సభలో ఒక ఉదాహరణ కావాలి. లెక్కలు చెబితే ఎవరూ చెవిన పెట్టరు. ఆ ఉదాహరణ మన ఇంటి గడపదని నాకు తెలియదు. శ్రీశైలంతో నేను మాట్లాడతాను. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. మోకాళ్ల నూనె పంపిస్తున్నాను.

నీ
చంద్రకాంత్


నల్లగుట్టపల్లి
భాద్రపదం

చంద్రకాంత్,

నూనె ముట్టింది. నోటికి రాసే నూనె ఉంటే నువ్వు ఉంచుకో.

కిటికీ మూసుకుంటానని గొప్పగా రాశావు. నువ్వు మూసుకున్నావా, ఆమె మూయించిందా? ఆ మూసిన కిటికీ వెనక చారు కలుపుకుంటే నీకు అన్నం సయిస్తుందా? సయిస్తే నాకు రాయకు. సయించకపోతే, ఆ తినలేని అన్నం ఇంకొకరికి ఎట్లా వడ్డిస్తావో రాయి.

పంచాయతీ అయింది. గద్దె వెనక నీ మొఖం ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టారంటే, నీ ఒక్కొక్క పన్ను నా అరచేయంత ఉంది. దాని కింద నీ మాటే రాసి ఉందని రేఖ చదివి చెప్పింది. నేను లేచి నిలబడి, "అది శోకం కాదయ్యా, వాళ్ల దిక్కు మంగళహారతసొంటిది" అన్నాను. శ్రీశైలం నవ్వుతూ చేతులు జోడించాడు.

"మేం మా నోటికెళ్లి చెప్తలేం అవ్వా. నీ మరిదే చెప్పిండు. భాషల పెద్ద సదువు సదివినాయన. శోకమేందో మంగళమేందో ఆయనకు తెల్వదా?"

"మా మరిది మాట మీద ఊరు నడుస్తదారా? వాని పెండ్లప్పుడు నేను చెప్పిన మాట వాడే ఇనలే" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే చేతులెత్తారు. ఎత్తిన చేతుల్లో మన జైపాల్‌ది కూడా ఉంది. ఇంటికి వచ్చాక, "నేనెత్తకుంటే రేపు పోరాటంల నన్నెవలు నమ్ముతరే?" అన్నాడు. అన్నం పెట్టాను. మాట్లాడలేదు.

నా ఇంట్లోంచి ఎవరూ ఎవరినీ బయటికి లాగలేదు. లాగే దమ్ము ఎవడికీ లేదు. కానీ నీళ్ల ప్లాంటు దగ్గర మామిని క్యాను వంతుకు రాదు. కిరాణం వీర్రాజు ఆమెను చూడగానే ఉప్పు అయిపోయిందంటాడు. ఆమె తెలుగు నేర్చుకోలేదని చెప్పావు కదా. వీర్రాజుతో ఆమె, "జెర తక్కువ చెయ్యరాదే అన్నా, నేనేమన్న పరాయిదాన్నా?" అని బేరమాడేది. ఆ మాట నా దగ్గర పట్టింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ వాడాలో ఆమెకు తెలియడం లేదు.

నేను కూడా ఒక మాట చెప్పాను. "కొన్ని దినాలు ఆ కూత పెట్టకు బిడ్డా" అన్నాను.

"దేవి వచ్చినా?"

"దేవి వచ్చినా."

సరే అంది. నువ్వు వచ్చి గద్దె మీద నిలబడు. రాలేకపోతే ఫోనులో చెప్పి పంపు. ఆమె నెలలు నిండుతున్నాయి.

అరుణమ్మ


న్యూఢిల్లీ
భాద్రపదం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీ బాధ నాకు అర్థమైంది. ప్రస్తుత పరిస్థితిలో నేను వెనక్కి తగ్గినట్టు కనిపిస్తే కంపెనీల వాళ్లు దాన్నే పట్టుకుంటారు. స్థానికుల కొలువుల కోసం ఇన్నేళ్లుగా చేసిన పని నీరుగారుతుంది. ఒక చిన్న ఉదాహరణ కోసం పెద్ద విషయాన్ని వదులుకోలేను. ఈ సంగతులు మీరు అనుకున్నంత తేలికవి కావు.

ఇంకొక మనవి. ఈ విషయం మీద దయచేసి ఇకపై ఉత్తరాలు రాయించకండి. ఎవరి చేతిలోనైనా పడితే వక్రీకరిస్తారు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

చంద్రకాంత్


నల్లగుట్టపల్లి
భాద్రపదం

చంద్రకాంత్,

"మీరు" అన్నావు. రేఖ అక్కడ ఆగిపోయి నా మొఖం చూసింది. తిట్టినా బాగుండేది. మీ అమ్మ పోయిన నాటి నుంచి ఈ రోజు దాకా నన్ను నువ్వు అట్లా పిలవలేదు. గేటు బయట నిలబెట్టి మాట్లాడినట్టు ఉంది.

మామినికి ఆడపిల్ల పుట్టింది. పటాన్‌చెరు దవాఖానలో కాన్పు సుఖంగానే అయింది. వాళ్ల అమ్మ ఒరిస్సా నుంచి వచ్చింది. బిడ్డను ఎత్తుకుని మన గడప దగ్గరికి రాగానే ఆ ముసలామె ఆగి, తల ఎత్తి, ఊపిరి నిండా తీసుకుంది. నాకు తెలిసిపోయింది ఏం చేయబోతోందో. మామిని ఆమెతో వాళ్ల భాషలో చిన్నగా ఏదో అంది. ముసలామె నా వైపు చూసింది. తీసుకున్న ఊపిరి మెల్లగా వదిలేసి లోపలికి వెళ్లింది.

ఆ బిడ్డ చప్పుడు లేకుండా ఇంట్లోకి వచ్చింది. మన ఇంట్లో దూడకు దొరికిన మర్యాద ఆ బిడ్డకు దొరకలేదు. వద్దన్నది నేనే. నాతో అనిపించింది నువ్వు.

సాయంత్రం మనసు బాగాలేక, నువ్వు నన్ను ఇంకా "నువ్వు" అన్న ఉత్తరం ఉంది కదా, అదొక్కసారి చదవమని రేఖను అడిగాను. అరుగు మీద చదువుతోంది. మామిని వాకిట్లో బిడ్డకు పాలిస్తోంది. ఒక చోట గబుక్కున తల ఎత్తింది.

"టీచరమ్మా, మళ్లీ చదువు. హుళహుళి అన్నవా? అది మా మాట. సార్‌కు ఎట్ల తెలుసు?"

నేను నీకు కూత అని రాయించాను. దానికి పేరు ఉందని నాకే తెలియదు. నేను ఆ పిల్లను ఎన్నడూ అడగలేదు. ఆ వీడియోలో లేదు. ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.

తెలిసి అన్నావా, తెలియక అన్నావా? ఒక్క ముక్క రాయి. భాష గురించి, కంపెనీల గురించి ఇంకేమీ వద్దు.

అరుణమ్మ


న్యూఢిల్లీ
భాద్రపదం

వదినా,

తెలిసే అన్నాను.

ఇక్కడ యూనివర్సిటీలో మా పక్క గదిలో ఒడియా పాఠం చెప్పే మిత్రుడు ఉన్నాడు. సభకు ముందు ఆ వీడియో అతనికి చూపించాను. "ఇదేమిటి, ఏడుస్తోందా?" అని అడిగాను. అతను నవ్వి, హుళహుళి అని పేరు చెప్పి, ఇంత బాగా పెట్టేవాళ్లు మా పట్నాల్లో కూడా తగ్గిపోయారన్నాడు. నేను ఆ పేరు రాసుకున్నాను కూడా. కొత్త మాట దొరికితే రాసుకునే అలవాటు.

సంగారెడ్డిలో నీళ్ల గురించి, కొలువుల గురించి చాలాసేపు చెప్పాను. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. వెనక వరుసల వాళ్లు లేస్తున్నారు. ఆ మాట అంటే కూర్చుంటారని తెలుసు. అన్నాను. కూర్చున్నారు. తర్వాత లేచి చప్పట్లు కొట్టారు. తిరుగు ప్రయాణంలో రైలులో, ఎవరికీ నష్టం లేదులే, ఆ అమ్మాయి ఎవరో ఏమో అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివాక ఎవరో తెలిసింది. అయినా నీకు అట్లా జవాబు రాశాను. "మీరు" అన్నది కోపంతో కాదు. నీతో "నువ్వు" అంటూ రెండోసారి అబద్ధం ఆడడం చేతకాలేదు.

రేపు వీడియోలో చెబుతాను. ఆమెను ఉండమను. అన్న సంవత్సరీకానికి ఇంటికి రానా? నువ్వు రమ్మంటేనే వస్తాను.

చంద్రకాంత్


నల్లగుట్టపల్లి
ఆశ్వయుజం

చంద్రకాంత్,

నీ ఉత్తరం వచ్చేటప్పటికి వెనక గదికి తాళం పడింది.

దుర్యోధన్‌తో కాంట్రాక్టరు, "ఊళ్లో లొల్లి ఉంది, కంపెనీ షెడ్డులోకి రండి" అన్నాడట. ఆ షెడ్డులో ఘాటుకు పెద్దవాళ్లకే కళ్లు మండుతాయి. పసిబిడ్డను అక్కడ ఎట్లా పెడతారు? నేను గది ముందు మంచం వేసుకుని కూర్చుంటానన్నాను, ఎవడొస్తాడో చూస్తానన్నాను. దుర్యోధన్ నా కాళ్లకు మొక్కి, "అవ్వా, ఎవరూ రారు. ఎవరూ మాట్లాడరు, అంతే. నేను డ్యూటీకి పోతే ఈమె ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు.

పచ్చి బాలింత తల్లి వెంట వాళ్ల ఊరికి రైలెక్కడానికి తయారైంది. మనం గడప దాటేటప్పుడు ఎవరమైనా ఏమంటాం? పోయొస్త అంటాం. చావుకు పోయేవాడు కూడా పోయొస్త అనే అంటాడు. ఒట్టిగా పోత అంటే, చిన్న పిల్లగాడినైనా నెత్తిన మొట్టి మళ్లీ అనిపిస్తాం. మామిని ఆటో ఎక్కి, బిడ్డ మొఖం మీద కొంగు సర్ది నన్ను చూసింది. "పోతున్న అవ్వా" అంది.

రేఖ, "పోయొస్త అనాలమ్మా" అని దిద్దబోయింది. నేను వద్దన్నాను. ఆ పిల్లకు తేడా తెలుసు. భాష నేర్చుకోవాలన్నావు కదా, అంత బాగా నేర్చుకుంది.

నీ వీడియో చూశాను. "పొరపాటు జరిగి ఉండవచ్చు" అన్నావు. ఉండవచ్చు ఏమిటి? నాకు ఉత్తరంలో రాసిన ఆ రెండు మాటలు ఊరికి చెప్పలేకపోయావు. అయినా చెప్పావు, అది కూడా చెప్పనివాళ్లు ఉన్నారు. జైపాల్ చూసి, "కాకను ఎవలో బెదిరించిండ్రు" అన్నాడు. ఊరంతా అదే అంటోంది. నువ్వు నవ్వుతూ చెప్పిన అబద్ధం నమ్మారు, తలవంచుకుని చెప్పిన నిజం నమ్మడం లేదు. ఇగ ఆ మాట నీ చేతిలో లేదు.

మొన్న శ్రీశైలం వచ్చి, "బీహారోళ్లు నలుగురున్నరవ్వా, మంచోళ్లు, కిరాయి కంపెనీయే కడ్తది. అర్ర ఇస్తవా?" అని అడిగాడు. తీర్మానం ఏమైందిరా అంటే, "అది అప్పటి ముచ్చట" అన్నాడు. తీర్మానం చేసిన వాళ్లకు అది ముచ్చట.

నిన్ను చెడ్డవాడివని అనడం నాకు చేతకావడం లేదు. నీళ్ల గురించి, కొలువుల గురించి నువ్వు చెప్పింది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. నా బాధ అదే. నిజాన్ని కూర్చోబెట్టిన పంక్తిలోనే అబద్ధాన్ని కూర్చోబెట్టి వడ్డించావు. ఇప్పుడు లేపడం ఎవరి తరం?

సంవత్సరీకానికి రా. నీ అన్నకు నీళ్లు వదలడానికి నా అనుమతి ఎందుకు? అన్నం పెడతాను. మాట్లాడతానో లేదో తెలియదు.

ఇంకొకటి ఉంది. ఇది రేఖకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. చెబుతుంటే ఆమె కలం ఆగింది. రాయమ్మా అన్నాను.

నిన్న మామిని ఫోను చేసింది. వాళ్ల ఊళ్లో బిడ్డకు పేరు పెడుతున్నారట. "అవ్వా, విను" అని ఫోను పైకి పట్టింది. పదిమంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఎత్తుకున్నారు. మన ఇంట్లో ఆగిపోయింది అక్కడ మొదలైంది. నేను అరుగు మీద ఉన్నాను. నా కడుపు నిండాలి. కానీ వాడకట్టున ఎవరో నడిచిపోతున్న చెప్పుల చప్పుడు వినబడింది. నా చెయ్యి దానంతట అదే పోయి ఫోను మీద గట్టిగా పడింది. ఆ మనిషి మూల తిరిగే దాకా తీయలేదు. తీసేసరికి అయిపోయింది.

"ఇనపడ్డదా అవ్వా?" అని అడిగింది.

"ఇనపడ్డది బిడ్డా, మంచిగ ఇనపడ్డది" అన్నాను.

అరుణమ్మ